శారదమ్మ పది వేళ్లు

మేనత్త ఇల్లు మింగుదామని మహిపాల్ వేసిన ప్లానుల ఒక్క లొసుగు లేదు. అట్లని వాడే అనుకున్నడు మరి.

నాచారంల నూట ఇరవై గజాల ఇల్లు అది. కింద శారదమ్మ ఒక్కతే ఉంటది. పైన రోజీ అనే నర్సు కిరాయికుంటది. శారదమ్మకు పెనిమిటి లేడు, పిల్లలు లేరు. అన్న కొడుకు మహిపాల్ ఉండేది పక్కనే ఉప్పల్ల. అయినా ఐదేండ్ల సంది ఆ గల్లీ మొఖం సూడలేదు. ఆ గల్లీలకు బిల్డర్లు వస్తున్నరని చెవుల పడ్డదో లేదో, అత్త మీద ప్రేమ పాలు పొంగినట్టు పొంగింది.

మూడు నెలల్ల ఎన్ని సేవలు! బీపీ గోలీలు తెచ్చిండు, బత్తాయిలు తెచ్చిండు, దగ్గరుండి రెండు కండ్లకు ఆపరేషన్ చేయించిండు. ఊకెనే చేస్తడా? "అత్తమ్మా, నీ పింఛన్ ఆగిపోయేటట్టుంది. ఆఫీసుకొచ్చి వేలిముద్ర పెడితే చాలు" అని నమ్మించిండు. అసలు కాయితమేమో దానపత్రం. వేలు పడ్డదా, ఇల్లు వానిదే. అత్త కోసం జవహర్‌నగర్ దిక్కు ఒక ఆశ్రమం గూడ చూసి పెట్టిండు, పుణ్యాత్ముడు.

రిజిస్ట్రేషన్‌కు స్లాట్ గురువారం దొరికింది. ముందు రోజు పొద్దుగాల ఆ ముచ్చట చెప్పి పోదామని వచ్చిండు. "అట్లనే బిడ్డా, వస్త. జర ఆ అతికే గమ్ ట్యూబులు రెండు తెచ్చి పెట్టు. ఇంట్ల అన్ని ఇరిగి సచ్చినయి" అన్నది శారదమ్మ. ఉరికిపోయి తెచ్చిచ్చిండు.

గురువారం కారు తీస్కొని వచ్చేసరికి, ఆమె ముందర సామాన్లన్ని పరిచి ఉన్నయి.

"సూడు బిడ్డా, కప్పు చెవి అతికింది. చెప్పు అతికింది. మిక్సీ మూత గూడ. మస్తు గమ్ము తెచ్చినవు!"

"మంచిగున్నయి గని, జల్ది నడువత్తమ్మా, టైమైతుంది."

రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఆపరేటర్ మిషన్ ముందలికి జరిపిండు. శారదమ్మ బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్ర లైటే. పదికి పది వేళ్లు అయినయి. ఆపరేటర్ ఆమె చెయ్యి పట్టుకొని వెలుతురుకు పెట్టి చూసిండు.

"ఏందమ్మా ఇది? వేళ్లకు ప్లాస్టిక్ అంటినట్టుంది?"

"గమ్ము బిడ్డా. ఇంట్ల సామాన్లు అతికిచ్చిన."

మహిపాల్ ఆమె చెయ్యి గుంజుకున్నడు. నల్ల కాడికి తీస్కపోయి సబ్బుతోని రుద్దిండు. నిమ్మకాయ పిండిండు. గోటితోని గీకబోతే, "అమ్మో, మండుతుందిరా!" అని ఆమె ఒక్క కేక పెట్టింది.

"ముసలామెను అట్ల సతాయిస్తవేందన్నా?" అని లైన్ల ఉన్నోళ్లు తిట్టిన్రు.

"పోనీ కన్ను పెట్టి చూడుండ్రి సార్" అని ఆపరేటర్‌ను బతిమాలిండు.

"చూసినం. ఆపరేషనైన కన్ను, ఆధార్ల ఉన్న పాత దానితోని కలుస్తలేదు. గమ్ము నాలుగు రోజుల్ల దానంతటదే ఊడుతది. సోమవారం స్లాట్ తీస్కో."

మహిపాల్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గమ్ము తెచ్చింది తనే. కన్ను కోయించింది తనే. ఎవలను తిడతడు? పండ్లు గిట్టకరుచుకొని, "ఫికర్ చెయ్యకత్తమ్మా, సోమవారం వద్దాం" అని నవ్విండు.

వచ్చేటప్పుడు ఆకలైతుందంటే ఉప్పల్ల బిర్యానీ తినిపిచ్చిండు. మోకాళ్లు గుంజుతున్నయంటే కార్ల కూసునే ఫోన్ చేసి, శనివారానికి ఎముకల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నడు. ఇంకొక్క నాలుగు రోజులు, అంతే గదా అని మనసుకు సర్దిచెప్పుకున్నడు.

అత్తను ఇంటి కాడ దింపి వాడు పోంగనే, పైనుంచి రోజీ ఉరుక్కుంట దిగింది. ఆమె కండ్ల నీళ్లున్నయి.

"దేవునికి స్తోత్రం పెద్దమ్మా! ఆ గమ్మే నిన్ను కాపాడింది. ఇప్పుడే గేటు కాడ మీవోడు ఫోన్ల చెప్తుంటె విన్న. పింఛన్ లేదు, ఏం లేదు. నీ ఇల్లు రాయించుకోని నిన్ను ఆశ్రమంల పడేస్తడంట!"

శారదమ్మ తాపీగ చెప్పులిడిచింది. "నాకెరుకనే."

"ఎరుకనా?"

"మొన్న వాడు బాత్రూముకు పోతే, సంచిలకెల్లి కాయితం తీసి సదివిన. ఐదేండ్లు నేను ఉన్ననా సచ్చిననా అని అడగనోడు, ఇప్పుడు నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టనీకె వచ్చిండు. కడుపు మండిపోయిందే నాకు."

"మరి మొఖం మీద ఉమ్మెయ్యక, ఎందుకు పోయినవు వాని ఎంబడి? సోమవారం మళ్ల తీస్కపోతడు గద!"

శారదమ్మ కుర్చీల కూసోని మోకాళ్లు రాసుకున్నది.

"పోనియ్యవే. ముందుగాల వానితోని ఈ మోకాళ్లు చేయించనియ్యి, ఆ ఎనక పండ్లు కట్టించుకుంట. అందాక ఇంట్ల నా చేతులతోని ఇరగ్గొట్టనీకె ఇంక మస్తు సామాన్లున్నయి."