పెన్ను కదలని గంట

"పన్నెండింటికి లాంచీ కదులుతుంది. అవతలి ఒడ్డంతా అడివి, లాంచీ అక్కడికి చేరిందంటే వాణ్ణి పట్టుకోవడం మన తరం కాదు. ఈలోగా వాడి బొమ్మ రేవుకి వెళ్ళాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గోడ గడియారంలో అప్పటికే పదకొండు.

నిన్న సాయంత్రం ఓ వ్యాను రిటైరైన డ్రిల్లు మాస్టారిని గుద్దేసింది. నడిపినవాడు దిగాడు. వంగి ఆయన ముఖంలోకి చూశాడు. మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు. మాస్టారు ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. పొద్దున ఆ వ్యాను రేవు దగ్గర దొరికింది. రేవంటే పక్క వీధి కాదు, రెండు గంటల దారి. అక్కడున్న ఇద్దరు పోలీసులకి వాడు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా తెలియదు. వాడి ముఖం చూసినవాడు ఎదురు కొట్లో దర్జీ ఒక్కడే.

దర్జీ బల్ల ముందు కూర్చుని మొదలుపెట్టాడు. "పాతికేళ్ళుంటాయి సార్. కోల ముఖం. కనుబొమలు రెండూ కలిసిపోయి ఉంటాయి. ముందు పన్ను కొంచెం ఎత్తు."

స్టేషనుకి బొమ్మలు గీసే ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి అంతా వింది. పదకొండేళ్ళుగా అక్కడ ఆవిడదదే పని. అందరికీ బొమ్మలక్క. చూసినవాళ్ళు చెబుతూ ఉంటే, కంప్యూటరుకి తగిలించిన పలక మీద పెన్నుతో ముఖాలు గీస్తుంది. ఆవిడ గీశాక దొరకని దొంగ లేడని పేరు.

"ఆయనకి కాసిని మంచినీళ్ళు ఇప్పించండి సార్. నేను వెళ్ళి కంప్యూటరు పెడతాను," అని లోపలికి వెళ్ళింది.

దర్జీని వెంటబెట్టుకుని ఇన్‌స్పెక్టరు వెళ్ళేసరికి ఆవిడ పలక మీద పెన్ను అటూ ఇటూ తిప్పుతోంది. తెర మీద బాణం మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉంది.

"ఏమైంది?"

"మీ ఖాతాలోంచి నా ఖాతాలోకి మారాను సార్. పెన్ను డ్రైవరు పట్టేసింది."

ఆ కంప్యూటరు జబ్బు అందరికీ తెలిసిందే. అందులో ఖాతాలు రెండు, ఆయనదొకటి, ఆవిడదొకటి. ఏది ముందు తెరిస్తే పెన్ను దానికే అంటుకుపోతుంది. రెండోదాంట్లోకి మారితే చచ్చినా పలకదు. పెన్నుని నడిపే ఆ డ్రైవరు ప్రోగ్రాము బుద్ధే అంత. బొమ్మలు గీసే ఏర్పాటేమో ఆవిడ ఖాతాలోనే ఉంది. అందుకే తెర అంచుకి చీటీ అంటించారు: 'ముందు బొమ్మలక్క, తర్వాతే ఎవరైనా.'

"నా ఖాతా ముందు తెరిచిందెవరు?"

"నేనే సార్. కోర్టు అడిగిన పాత కేసు కెమెరా దృశ్యాలు కాపీ పెట్టమన్నారు కదా. హడావిడిలో చూసుకోలేదు."

ఇన్‌స్పెక్టరు తిట్టబోయి, చీటీని వేలితో తట్టాడంతే. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క పొరపాటు చేసి ఎరగదు.

ఆవిడ వైరు పీకింది, గుచ్చింది. మళ్ళీ పీకింది, గుచ్చింది. ఆయన ఖాతాలోకి వెళ్ళింది, తన ఖాతాలోకి వచ్చింది. బాణం కదిలితే ఒట్టు.

"నాది మూసేస్తే?"

"కాపీ సగంలో పోతుంది సార్. మళ్ళీ మొదటికొస్తుంది."

ఆయన జుట్టు పీక్కున్నాడు. "పోనీ కాగితం మీద గీయండి. ఫోన్లో ఫొటో తీసి పంపేస్తాను."

ఆవిడ పెన్సిలు తీసింది. దర్జీ మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. గీసింది.

"కాదమ్మా. నేను చెప్పిందేంటి, మీరు వేసిందేంటి? ఈయనకి యాభై దాటాయి."

చెరిపి మళ్ళీ గీసింది. ఈసారి ముఖం గుండ్రంగా వచ్చింది. పెన్సిలు ములుకు విరిగింది. ఆవిడ నుదుటి మీది చెమట చుక్క కాగితం మీద పడింది.

"చెయ్యి వణుకుతోంది సార్. పెన్నుకే అలవాటు పడిపోయాను."

రేవు నుంచి ఫోను. "కోల ముఖం, ఎత్తు పన్ను అంటే పదిమంది ఉంటారు. బొమ్మ లేకుండా ఎవర్ని ఆపుతారయ్యా? నూటయాభై మందినీ దింపేస్తారా?" అని ఇన్‌స్పెక్టరు కసిరాడు.

పదకొండూ నలభై.

"కాపీ పోతే పోయింది. నా ఖాతా మూసి రీస్టార్ట్ కొట్టండి."

ఆవిడ కొట్టింది. తెర నీలంగా మారి, 'అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటరు ఆపవద్దు' అంది. పన్నెండు శాతం.

ఇన్‌స్పెక్టరు కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. దర్జీ కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. ఆవిడ మాత్రం ఒకసారి తెరకేసి, ఒకసారి గడియారంకేసి చూస్తూ, ఈ గండం ఎలాగైనా గట్టెక్కించమని లోలోపల మొక్కుకుంటోంది. అంత భయం ఆవిడకి జన్మలో వేయలేదు.

నలభై శాతం. డెబ్భై. తొంభై దగ్గర ఎంతసేపు ఆగిందో చెప్పలేం.

మళ్ళీ ఫోను. లాంచీ కదిలిపోయిందట. ఇన్‌స్పెక్టరు "వచ్చెయ్యండి" అని మాత్రం అని పెట్టేశాడు.

ఆవిడ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. చూస్తుంటే ఆయనకే జాలేసింది.

"ఊరుకోండి అక్కా. యంత్రం మొరాయిస్తే మీరేం చేస్తారు? మన ఖర్మ. గీసి ఉంచండి, ఎప్పటికైనా పనికొస్తుంది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని తన ఖాతా తెరిచింది. పెన్ను ఆనించగానే బాణం పరుగెత్తింది. చెయ్యి వణకలేదు. కోల ముఖం, కలిసిన కనుబొమలు, ఎత్తు పన్ను, అన్నీ చకచకా వచ్చేశాయి. దర్జీని ఏమీ అడగలేదు, ఒక్క గీతా చెరపలేదు. ఐదు నిమిషాల్లో మనిషి తెర మీద నిలబడ్డాడు.

దర్జీ కుర్చీ లాక్కుని, తెరకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు.

"వీడేనమ్మా, అచ్చు వీడే," అన్నాడు. "కానీ ఎడమ చెవి కింద ఆ కుట్ల మచ్చ సంగతి నేనింకా మీకు చెప్పనే లేదు కదా."