మందులేని తూటా

తుపాకీ టక్కుమంది గానీ పేలలేదు. పేలుతుందన్న భయానికే రుఫారో కళ్లు మూసుకుంది, గొట్టం కిందికి వాలిపోయింది.

"మందులేని తూటా పెట్టానే! దానికే ఇంత జడుపా?" అన్నాడు ఆమె తండ్రి గరికై, జాంబేజీ లోయలో పేరుమోసిన వేటగాడు. "అడవిదున్న మీదికొస్తే నువ్వూ ఆ పిరికిపంద మీ అన్నలాగే పరిగెత్తి చస్తావు."

"అయితే నువ్వు కాల్చి చూపించు నాన్నా." చాటుగా తనూ మందులేని తూటానే పెట్టి ఇచ్చింది.

గరికై ట్రిగ్గర్ నొక్కాడు. టక్. గొట్టం జానెడు కిందికి వాలింది.

పకపకా నవ్విన రుఫారో, తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

"అన్నయ్య పోయిన రోజు నీ గుండు దున్నకి తగల్లేదు కదూ? అన్నయ్య నిజంగా పరిగెత్తాడా నాన్నా?"

"లేదే," అన్నాడు గరికై తలెత్తకుండా. "నా గురి మీద నమ్మకంతో కదలకుండా నిలబడ్డాడు."