నీలం అంటని గవ్వ

అక్షరాలు నేర్చుకున్నది పెద్దతనంలో. నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఒక పూట పడుతుంది, ఒత్తులు తప్పుతుంటాయి. మన్నించి చదవండి.

"తుడిచిన చోటే తొక్కుతారేంటి సాయిబు గారూ?" అని కసిరింది తెరేసమ్మ.

"మట్టి మోసుకొచ్చినోడి కాళ్లకి మల్లెపూలు అంటుకుంటాయా అమ్మా?" అంటూ మదార్ సాహెబ్ భుజాన ఉన్న మూట దించాడు.

చల్లపల్లి అవతల లోతైన బోరు వేస్తున్న చోట ఆయన కాపలా మనిషి. బోరులోంచి వచ్చిన మట్టిని లోతు ప్రకారం చిన్న గుడ్డసంచుల్లో కట్టి ఇస్తే, వారానికోసారి బస్సులో విజయవాడ పటమటలో మట్టి పరీక్షించే ఈ ల్యాబుకి తెస్తాడు.

ఆ మట్టిని కడగడం తెరేసమ్మ పని. జల్లెడలో పోసి కుళాయి కింద పెడితే బురదంతా పోయి, ఇసుక రేణువులంత గవ్వలు మిగులుతాయి.

ఒకప్పుడు అక్కడంతా సముద్రమేనట. ఒక్కో కాలంలో ఒక్కో రకం గవ్వలు బతికాయట. వాటిని మైక్రోస్కోపులో చూసి, ఆ పొర ఎన్ని కోట్ల ఏళ్ల నాటిదో సుస్మిత మేడం చెబుతుంది.

సుస్మిత చదువు ముగించుకుని చేరి నెల. తెరేసమ్మ చేరి మూడు నెలలు. భర్త పోయాక ఆమెకు దొరికిన ఆధారం ఇదొక్కటే.

ఆ రోజు సుస్మిత మైక్రోస్కోపు మీంచి తలెత్తింది.

"తెరేసమ్మా, ఈ సంచి మట్టి పోసేముందు జల్లెడ కడిగావా?"

"కడిగాను మేడం."

"మరి ఇదేంటి? ఇది మూడు కోట్ల ఏళ్ల నాటి పొర. పై పొరల్లో ఉండాల్సిన కొత్త గవ్వ ఇందులోకి ఎలా వచ్చింది?"

ఇన్‌ఛార్జి జయకృష్ణ గారు లేచి వచ్చారు.

"ఎలా వస్తుంది! పైమట్టి కడిగిన జల్లెడలోనే దీన్నీ పోసేసుంటుంది. ఇప్పుడు రిపోర్టంతా అనుమానమే. చూడమ్మా, రేపణ్ణించి నువ్వు రానక్కర్లేదు."

"దేవుడి మీద ఒట్టు సార్, కడిగాను!"

"రిపోర్టులో నీ ఒట్టు రాయమంటావా?"

తెరేసమ్మ చేతిలోని జల్లెడ కింద పెట్టింది.

సంచులు ముట్టినట్టు సంతకం కోసం గుమ్మంలో నిలబడ్డ మదార్ సాహెబ్ దగ్గాడు. "సార్, ఒక్క మాట."

"మీకెందుకు సాయిబు గారూ? మీ బస్సు చూసుకోండి."

ఆయన కదల్లేదు. "అమ్మా, నీ చేతులు చూపించు."

తెరేసమ్మ చాపింది. వేళ్లు, గోళ్లు అన్నీ నీలం.

"ఏంటిది?" అన్నాడాయన.

"ఆ సీసాలో మందండీ. సంచి సంచికీ జల్లెడ కడిగి, ఆ మందు కలిపిన నీళ్లలో ముంచమంది, నా ముందు పనిచేసినామె. ఎందుకో చెప్పలా. ముంచుతున్నా. ఎంత రుద్దినా వదిలి చావదు."

"మేడం గారూ, ఆ గవ్వ ఏ రంగులో ఉందండీ?"

సుస్మిత మళ్లీ వంగి చూసింది. "తెల్లగా ఉంది."

"ముందు సంచిలోది జల్లెడలో ఇరుక్కుపోయినదైతే ఆ మందులో మునిగి నీలంగా ఉండాలి కదండీ. ఆ మందు పెట్టింది అందుకే. ఇది సంచితోపాటే వచ్చింది. బోరు పక్కలు కూలి పైమట్టి కిందకి జారుంటది."

జయకృష్ణ గారు బోరు దగ్గరికి ఫోన్ చేశారు. సోమవారం నాడు రెండుసార్లు కూలిందట.

సుస్మిత ముఖం చిన్నబోయింది. "సారీ తెరేసమ్మా. నేను రంగు చూసుకోవాల్సింది."

తర్వాత మదార్ సాహెబ్ వైపు తిరిగింది. "ఎక్కడ సైంటిస్టుగా చేసి రిటైరయ్యారండీ?"

"బస్సు పోద్దమ్మా," అని నవ్వి ఆయన మెట్లు దిగిపోయాడు.

ఆ గాభరాలో తెరేసమ్మ దణ్ణమైనా పెట్టలేదు. వచ్చే వారం పెడదామనుకుంది.

మరుసటి వారం సంచులు వేరే మనిషి తెచ్చాడు. "సాయిబు గారు పోయారమ్మా. గుండెపోటు."

ఆదివారం చర్చి అవగానే ఆమె ఆయన ఇంటికని ఉయ్యూరు బస్సెక్కింది. ఆయన కూతురు జుబియా మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

"మీ నాన్నగారు నా ఉద్యోగం నిలబెట్టారమ్మా. అంత చదువుకున్న మనిషి కాపలా పనికి ఎందుకెళ్లారు?"

"చదువా? నాన్న వేలిముద్ర వేసేవారండీ."

"మరి ఆ గవ్వల సంగతంతా?"

జుబియా తెరేసమ్మ చేతుల వంక చూసింది.

"చాలా ఏళ్ల కిందట, వేరే ఊళ్లో, నాన్న కూడా జల్లెడలే కడిగేవారు. ఒక్క తెల్ల గవ్వకి ఆయన ఉద్యోగం పోయింది. ఆ మందు ఎందుకో ఆయనకి తర్వాతెప్పుడో తెలిసింది, ఆ రోజు మాత్రం చెప్పేవాళ్లు లేకపోయారండీ."

— తెరేసమ్మ, అరవై ఒక్క ఏళ్లు, ప్రస్తుతం పటమట, విజయవాడ