మిద్దె మీది మేడం

"మేడం! మార్తా మేడం! రోంత కిందికి రాండి!"

మళ్ళీ మొదలైంది. పొద్దున్నే ఇంటావిడ శివకుమారి మెట్ల కింద నిలబడి పిలుస్తోంది. చేతిలో ఖాళీ గ్లాసు.

"రోంత చక్కెర ఉంటే తెచ్చిస్తారా?"

నిన్న కరివేపాకు అడిగింది. మొన్న వీధంతా లైట్లు వెలుగుతుంటే "మీకు కరెంటు ఉండాదా మేడం?" అంది. అదైనా పైకొచ్చి అడగదు. మార్తానే దిగి రావాలి.

మార్తా చక్కెర తీసుకుని దిగింది. గేటు దగ్గర శివకుమారి భర్త కంబన్న బైకు మీద సిద్ధంగా ఉన్నాడు. మార్తా ముఖం వైపు ఒకసారి నిండుగా చూశాడు. బైకు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

శివకుమారి మురిసిపోతూ లోపలికి నడిచింది. చక్కెర గ్లాసు మెట్టు మీదే మరిచిపోయింది. అప్పటికప్పుడు కావాల్సిన చక్కెరను ఎవరైనా చీమలకు వదిలేసిపోతారా?

ఇంతలో వాకిలి తలుపు సందులో ఏదో కదిలింది. కంబన్న తల్లి రామేశ్వరమ్మ. ఆ ముసలామె ఎప్పుడూ అంతే, కొడుకు బయల్దేరే వేళకు తలుపు వెనక్కు చేరుతుంది. అతను వీధి మలుపు తిరిగాకగానీ బయటికి రాదు.

మార్తా పైకెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది.

పోలండు నుంచి కర్నూలు వచ్చి ఆర్నెల్లయింది. కోడుమూరు దారిలో కడుతున్న సోలార్ ప్లాంటులో ఆమె ఇంజనీరు. వచ్చేముందే తెలుగు నేర్చుకుంది. ఆ పుస్తకాల తెలుగుకూ ఈ కర్నూలు తెలుగుకూ మొదట్లో పొంతన కుదరలేదు, అది వేరే సంగతి.

వాళ్ళ దేశంలో పక్కింటివాళ్ళు ఫోన్ చేయకుండా తలుపు తట్టరు. ఇక్కడ చేరిన రోజే శివకుమారి జీతమెంతో అడిగింది, వయసెంతో అడిగింది. తర్వాత వేలికున్న ఉంగరం మీద కన్ను పడింది.

"పెండ్లి ఉంగరమా మేడం? మీ ఆయప్ప ఏం పని?"

"ఇంజనీరు."

"ఎప్పుడొస్తాడు?"

"రాడు."

"పాపం, సెలవు దొరకదేమోలే," అని శివకుమారే సర్దిచెప్పింది.

రోజూ సాయంత్రం మార్తా గదిలో కూర్చుని తన భాషలో మాట్లాడుకునేది. ఆ కాసేపూ శివకుమారి పైకి ఎవర్నీ రానిచ్చేది కాదు. "మొగునితో మాట్లాడతాంది, పోవద్దండి" అని కసిరేది. శుక్రవారం వస్తే మాత్రం తనే వచ్చి మార్తా నుదుట బొట్టు పెట్టి, తలలో కనకాంబరాలు తురిమి పోయేది. బలికి తోలుకుపోయే పొట్టేలుకు బొట్టు పెట్టడం మార్తా ఈ ఊళ్ళోనే చూసింది. ఇక నిద్రెలా పడుతుంది?

తనను కాపలా కాస్తున్నారు. ఎందుకో తెలియదు. తేల్చుకోకుండా ఉండిపోతే ఏమవుతుందో అంతకన్నా తెలియదు. ఆ వారమే వేరే ఇల్లు మాట్లాడుకుని పెట్టె సర్దేసింది.

ఖాళీ చేయాల్సిన రోజు తెల్లవారకముందే పిలుపు వచ్చింది. మార్తా కిందికి దిగలేదు. మెట్ల మీద నుంచే అరిచింది.

"ఏం కావాలి మీకు? రోజూ నన్నెందుకు చూస్తున్నారు? పోలీసులకు చెప్తాను!"

శివకుమారి బిత్తరపోయింది. గబగబా పైకొచ్చి మార్తా చేతులు పట్టుకుంది.

"తప్పుగా అనుకోవద్దండి మేడం. మీరు ఎదురొస్తే మాకు కలిసొస్తాది. చేనికి ట్రాన్స్‌ఫార్మర్ కోసం రెండేండ్లు తిరిగినాం. ఆ పొద్దు మీరు ఎదురొచ్చినారు, అదే పొద్దు వచ్చేసింది. అప్పట్నుంచీ ఈయప్ప మీ మొకం చూడందే గడప దాటడు."

"ఇంత చిన్న విషయమా?"

"చిన్నది కాదు మేడం. ఈ పొద్దు కోడుమూరు చేన్లో బోరు ఏస్తాండాం. నేను నాలుగు తూర్లు ఎదురొచ్చినా, నాలుగూ ఎండిపాయ. ఇదీ పడకపోతే చేను అమ్ముకోవాల్సిందే."

మార్తా కిందికి చూసింది. తలుపు సందులో తెల్ల చీర కొంగు కనబడుతోంది.

"మరి అవ్వ ఎందుకు దాక్కుంటుంది?"

"మా మామ పోయినాడు కదా. మొగుడు లేని మనిషి ఎదురొస్తే పని చెడతాదంట. మేమెవరం అనలేదు మేడం, ఆమెకే భయం."

మార్తా ఏదో చెప్పబోయింది. కింద కంబన్న దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడు. చూపు మాత్రం మెట్ల మీదే ఉంది.

"ఈ ఒక్క తూరి రాండి మేడం. మీకు పుణ్యముంటాది."

మార్తా మెట్లు దిగింది. కంబన్నకు ఎదురుగా నడిచింది. అతని ముఖంలో అప్పుడే నీళ్ళు పడినంత వెలుగు.

పెట్టె విప్పలేదు, ప్లాంటుకూ వెళ్ళలేదు. పొద్దంతా మెట్ల మీదే కూర్చుంది. తన మూలంగా ఆ చేను పోతుందేమోనని ఒకటే భయం.

ఎండ వాలుతుండగా శివకుమారి ఫోన్ మోగింది. కంబన్న అరుపు మార్తాకు కూడా వినబడింది.

"పడినాయే! మూడించుల నీళ్ళు! మేడానికి చెప్పు!"

శివకుమారి మార్తాను వాటేసుకుని ఏడ్చేసింది. నుదుట ఇంత కుంకం పెట్టి, వీధిలో అందరికీ చెప్పడానికి పరుగెత్తింది.

తలుపు వెనక రామేశ్వరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఇంత సంతోషంలోనూ గడప దాటలేదు.

మార్తా లోపలికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. ఎవరూ లేరని చూసి, తనకొచ్చిన తెలుగులో మెల్లగా చెప్పింది.

"అవ్వా, రోజూ సాయంత్రం నేను మాట్లాడేది ఫోటోతో, మా ఆయన చనిపోయి మూడేళ్ళయింది."