బాతు పురుగుకు బ్రాండ్‌వోల్డ్ పేరు

కర్టిస్ బ్రాండ్‌వోల్డ్ ముక్కు మూసుకుని ప్రయోగశాల గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టడం ఆయన స్థాయికి తగదు. జంతుశాస్త్ర విభాగానికి అధిపతి అయిన దగ్గర్నుంచీ ఆయన విశ్వవిద్యాలయ అధ్యక్షుడి గది గుమ్మం తప్ప వేరే గుమ్మం దాటలేదు.

"ఐనెజ్ గారూ, జూన్ కల్లా ఈ సీసాలన్నీ ఖాళీ చేయాలి. ఇక్కడ కొత్త యంత్రం పెడుతున్నాం," అన్నాడు.

ఐనెజ్ కాలియో తలెత్తలేదు. ఆవిడ ముందున్న పళ్ళెంలో చల్లటి నీళ్ళు, ఆ నీళ్ళలో బాతు పేగులోంచి తీసిన ముళ్ళతల పురుగు. రాత్రంతా చల్లటి నీళ్ళలో నానితే గానీ అది ముళ్ళ ముక్కు బయటపెట్టదు. తొందరపడి ఆల్కహాల్‌లో వేస్తే ముక్కు లోపలికి లాక్కుని చస్తుంది. ఆ ముళ్ళ వరసలు చూడకుండా అది ఏ జాతిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

"ఖాళీ చేసి ఎక్కడ పెట్టమంటారు?"

"చెత్తలో. నోరు లేదు, పేగు లేదు. పరాయి పొట్టలో తల దూర్చి, వాళ్ళు అరిగించుకున్నది ఒంటితో పీల్చుకుని బతికే రకం. వీటికి ఇంత గదా?"

"ఈ విశ్వవిద్యాలయంలో ఆ రకానికి ఇంతకన్నా పెద్ద గదులే ఇస్తారండీ."

ఆయనకు తగల్లేదు. ఎత్తిపొడుపు అర్థం కావాలన్నా కాస్త బుర్ర ఉండాలి.

"లాటిన్ లాంటి చచ్చిన భాషలో చచ్చిన పురుగులకి పేర్లు పెట్టుకుంటూ కూర్చుంటే ఈ కాలంలో సైన్సు సాగదు," అనేసి వెళ్ళిపోయాడు.

అరల నిండా ఐనెజ్ గురువు కాలం నుంచీ పోగైన సీసాలు. ప్రతి శరదృతువులో సుపీరియర్ సరస్సు మీద బాతుల్ని వేటాడేవాళ్ళు పేగుల్ని కాఫీ డబ్బాల్లో వేసి తెచ్చి ఇస్తే, కోసి, వెతికి, దాచినవి. పారేస్తే మళ్ళీ దొరకవు. కొన్ని జాతులు ఈ సీసాల్లో తప్ప ఇంకెక్కడా లేవు.

బ్రాండ్‌వోల్డ్‌కి ఇలాంటి ఘనకార్యాలు కొత్త కాదు. కుర్చీ ఎక్కగానే మొదట ఊడగొట్టింది ఇదే గదిలో బాతులు కోసే డాక్టర్ మార్లిస్ ఉద్యోగాన్ని. మార్లిస్ అప్పటికి ఆయన భార్య. "ఇంటావిడని వెనకేసుకొచ్చానని నలుగురూ అనుకోకూడదు కదా," అని చెప్పుకుని తిరిగాడు. ఆ తర్వాత విడాకులయ్యాయి. సరస్సు ఒడ్డున ఇల్లూ, పడవా ఆయనకు మిగిలాయి. ఆవిడకు ఆయన ఇంటిపేరు మిగిలింది.

ఏప్రిల్‌లో ఐనెజ్ వ్యాసం అచ్చయింది. బాతు పేగులో కొత్త జాతి ముళ్ళతల పురుగు. ఆవిడ దానికి పెట్టిన పేరు 'బ్రాండ్‌వోల్డే'.

వ్యాసం ఎవరూ చదవలేదు. పేరు మాత్రం సాయంత్రానికల్లా విభాగమంతా చదివింది. పక్క గదిలో జన్యువులు చూసుకునే రస్ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. నోరూ పేగూ లేకుండా పరాయి పొట్టలో బతికేదానికి ఇంతకన్నా అతికే పేరు ఎక్కడ దొరుకుతుంది?

ఈసారి బ్రాండ్‌వోల్డ్ గుమ్మం దాటి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నన్ను పట్టుకుని పురుగంటారా?"

"అయ్యో, మా వాళ్ళలో ఇంతకన్నా పెద్ద గౌరవం లేదండీ," అంది ఐనెజ్. "మా గురువు గారి పేరు మీదా ఒకటుంది, తిమింగలం కడుపులో. ఆయన సమాధి రాయి మీద దాని బొమ్మే చెక్కించారు. అధిపతులు వస్తారు, పోతారు. అచ్చయిన జాతి పేరుని మాత్రం ఎవరూ మార్చలేరు."

"ఎవరూనా?"

"నేను కూడా."

బ్రాండ్‌వోల్డ్ మొహం మెల్లగా విప్పారింది. అరల వైపు మొదటిసారి చూశాడు.

"దాని అసలు నమూనా ఎక్కడుంది?"

"ఆ సీసాలో. జూన్‌లో మీరు చెత్తలో వేయించబోయేది అదే."

మర్నాటికి కొత్త యంత్రం వేరే భవనానికి మారిపోయింది. మే నెలలో సభ పెట్టారు. కాఫీ, నిమ్మకాయ కేకు ముక్కలు, పొగబెట్టిన చేప. సీసాలన్నీ శాశ్వతంగా ఇక్కడే ఉంటాయని అధ్యక్షుడు అందరి ముందూ ప్రకటించాడు. బ్రాండ్‌వోల్డ్ లేచి, పట్టిన పట్టు వదలకపోవడం తనకూ ఆ పురుగుకూ ఉన్న సుగుణమని చాలాసేపు చెప్పాడు. జనం నవ్వు దాచుకోవడానికి కేకు ముక్కలు నోట్లో కుక్కుకున్నారు.

చివర్లో ఐనెజ్ లేచింది.

"ఈ పురుగుని మొదట పట్టింది డాక్టర్ బ్రాండ్‌వోల్డ్. ఆ సంగతి ఈ విభాగంలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేనైనా చెప్పాలి కదా," అని కూర్చుంది.

జన్మలో ఒక్క బాతునీ కోయని పెద్దమనిషి, కాదనకుండా వినయంగా తల వంచాడు. చప్పట్లు కొట్టించుకున్నాడు కూడా. సిగ్గు కూడా ఒక అవయవమైతే, అది ఆయనకు పుట్టుకతోనే లేదు.

జనం వెళ్ళిపోయాక ఐనెజ్‌తో కలిసి కప్పులు ఎత్తుతూ రస్ ఉండబట్టలేక అడిగాడు.

"నవ్వుకున్నాం, బాగానే ఉంది. కానీ చివరికి వాడు ఊరేగాడు. లోకం ఉన్నంతకాలం వాడి పేరు ఉండిపోయేలా చేయడానికి మీకు చేతులెలా వచ్చాయి ఐనెజ్ గారూ?"

ఐనెజ్ సీసా మూత బిగించి, తుడిచి, అరలో పెట్టింది.

"వాడి పేరే అయితే 'బ్రాండ్‌వోల్డి' అని పెట్టేదాన్ని నాయనా, లాటిన్‌లో చివర 'ఏ' వచ్చేది ఆడవాళ్ళ పేరుకే, ఆ బాతుని కోసింది మార్లిస్."