కేశవులు పెట్టిన పరీక్ష

"అమ్మా, లోపల పరీక్షకు వచ్చినామె వెంకటేశ్వరమ్మ కాదు. వేరే మనిషి" అన్నాడు గుమాస్తా కేశవులు.

కాగితం మీద వేయబోతున్న ముద్రను డాక్టరు సుందరలక్ష్మి పక్కన పెట్టింది.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక వచ్చిన రెండో వేసవి అది. జిల్లాలోని సహాయ నర్సులు రిజిస్టరులో తమ పేరు నిలుపుకోవడానికి కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చారు. మంచం మీది రోగిని లేపకుండా దుప్పటి మార్చాలి. జ్వరం చూడాలి. సూదులు మరగబెట్టాలి. చేసి చూపిస్తే కాగితం మీద ముద్ర పడుతుంది. పరీక్షకు రాని మనిషి పేరు కొట్టేస్తారు. పేరు పోతే ఉద్యోగమూ పోతుంది. ఆ రోజే ఆఖరు.

కోడుమూరు వెంకటేశ్వరమ్మ అని పిలిస్తే లేచి వచ్చినామె అన్నీ చేసింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"వేరే మనిషని నీకెలా తెలుసు?" అంది డాక్టరు.

"పొద్దున బస్టాండులో కోడుమూరు శనక్కాయల వ్యాపారి అయ్యన్న కనపడినాడమ్మా. కోడలికి నొప్పులంట. మందుల కోసం మొదటి బస్సుకు వచ్చినాడు. వెంకటేశ్వరమ్మ రాత్రి నుంచి వాళ్లింట్లోనే ఉండాదని ఆయప్పే చెప్పె. మరి ఈమె యాడ నుంచి ఊడిపడింది?"

"ఆయన్ని పిలువు."

"అప్పుడే తిరుగు బస్సు ఎక్కెనమ్మా."

డాక్టరు ఆమెను పిలిపించింది. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"అయ్యన్న కోడలి కాన్పు మధ్యలో వదిలేసి వచ్చావా?"

"వదిలేస్తే ఎట్ల తల్లీ? నాకంటే బాగా చేసే మనిషి ఆడ ఉండాది. ఈ పొద్దు ఈడికి రాకపోతే పేరు కొట్టేస్తారు కదా. వానల్లేక చేను బీడు పడింది. ఇంటికి ఈ జీతమొక్కటే దిక్కు."

"ఒకరి పేరుతో ఇంకొకరు పరీక్షకు వస్తే జైలు. తెలుసా?"

"తెలుసు తల్లీ."

చూపు దించలేదు. డాక్టరు కేశవులును వరండాలోకి తీసుకుపోయింది.

"ఇప్పుడేం చేద్దాం? వెంకటేశ్వరమ్మ ముఖం మనిద్దరికీ గుర్తు లేదు."

"నేనొక మాట అడుగుతానమ్మా. మొగుని పేరు చెప్పమంటా. కాపురం చేసే ఆడది చస్తే చెప్పదు. దుడ్లకు వచ్చిన మనిషైతే బట్టీ పట్టుకోనుంటుంది, గడగడా చెప్పేస్తుంది. చెప్పిందో, దొంగ."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఇల్లాలే. నేనే కాళ్లకు మొక్కుతా."

డాక్టరుకు నవ్వు వచ్చింది. సరేనంది.

కేశవులు ఫైలు తెరిచి, భర్త పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టాడు. గుమ్మం దగ్గర తమ వంతు కోసం నిలబడ్డ ఆడవాళ్లు లోపలికి తొంగి చూశారు.

"నీ మొగుని పేరేంది?" అన్నాడు గట్టిగా.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల వంచింది.

"నిన్నేనమ్మా. పేరు చెప్పు."

"ఏమప్పా, బుద్ధుండే అడుగుతాండావా? ఆ పేరు నా నోటితో ఎట్ల చెప్పేది?"

"గవర్నమెంటు పని. చెప్పాల్సిందే."

"గవర్నమెంటు వచ్చి నాతో కాపురం చేస్తుందా?"

గుమ్మం దగ్గర నవ్వులు లేచాయి. "కేశవులప్పా, ముందు మీ ఇంటామె కన్యకమ్మతో నీ పేరు చెప్పించుకోనిరా పో! మా వీధిలోనే ఉండారు, ఒక్కనాడన్నా ఆయమ్మ నోట వింటిమా?" అని కేకేసింది ఉరుకుందమ్మ అనే పాతపేట నర్సు.

కేశవులు పట్టు వదల్లేదు. "పేరు వద్దులే. గుర్తు చెప్పు."

ఆమె కొంగు చాటు నుంచే అంది.

"దేవుని పేరే."

"ముక్కోటి మంది ఉండారు. ఏ దేవుడు?"

"పొద్దుగూకేసరికి గడపలో కూసోని సంగటి పెట్టమనే దేవుడు!"

ఈసారి మంచం మీది రోగి కూడా నవ్వాడు. డాక్టరు కేశవులు వేలు పక్కకు తోసి ఫైలులోకి చూసింది. దేవేంద్రప్ప అని ఉంది.

"దేవుడు సరిపోయాడు, కేశవులూ. నీ పరీక్ష కూడా ప్యాసయింది" అని ముద్ర వేసింది.

కేశవులు కాగితాన్ని రెండు చేతులతో అందించాడు. "ఏమనుకోవద్దు అక్కా. ఇల్లాలివే. నాదే తప్పు" అన్నాడు. కోడుమూరు బస్సు ఎక్కేదాకా తోడు పోయి, కిటికీ పక్క సీటు కూడా ఇప్పించాడు.

బస్సు కోడుమూరు చేరేసరికి సాయంత్రమైంది. ఆమె నేరుగా అయ్యన్న ఇంటికి నడిచింది. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన సహాయ నర్సు ఆమెను చూసి చెంబు కింద పెట్టింది.

ఆమె కాగితం తీసి ఆ నర్సు చేతిలో పెట్టింది.

"ఇంద వెంకటేశ్వరమ్మా, నీ పేరు నిలిచింది. ట్రైనింగులో ఒక గదిలోనే ఉంటిమి, పొద్దస్తమానం 'మా ఆయప్ప, మా ఆయప్ప' అంటివే గాని ఒక్కతూరన్నా నోరు జారితివా? నా ప్రాణాలు పోయినాయి ఆడ. ఇప్పుడన్నా చెప్పు మే, నీ మొగుని పేరేంది?"