నీ ఉపవాసం నేనుంటాలే

మద్రాసు డాక్టరు గుంటూరులో ఉండేది ఆ శుక్రవారం ఒక్కపూటే. ఆపరేషను చేసేది ఒక్కరికే. ఆ ఒక్కరూ దేవకుమారి అని తెలిసినప్పటి నుంచీ, పక్క మంచం మీదున్న ఆమె అక్క ఆదెమ్మకు ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి! ఇద్దరిదీ ఒకటే జబ్బు. ఊపిరితిత్తులకు పోయే నాళాల్లో విపరీతమైన బీపీ. దాన్ని తోసి తోసి గుండె కుడిపక్క అలిసిపోతుంది. ఇద్దరూ మిరపకాయలకు తొడిమలు తీసే కూలీలే. ఘాటుకు వచ్చిన ఆయాసమేలే అని ఏళ్ళ తరబడి సరిపెట్టుకున్నవాళ్ళే.

కానీ చూసేవాళ్ళకు కళ్ళుండాలా వద్దా? ఆదెమ్మ పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నీలం. గోళ్ళూ నీలమే. పదడుగులు వేస్తే గోడ పట్టుకోవాలి. దేవకుమారి మాత్రం ఎర్రగా బుర్రగా ఉంటుంది. ఎప్పుడన్నా కళ్ళు తిరిగి పడిపోతుంది, అంతే.

"అది పడితే పేటంతా పరిగెత్తుకొస్తది. నేను రోజూ చస్తన్నా ఎవుడికీ కనపడదు," అని లోలోపల కుళ్ళుకునేది ఆదెమ్మ.

చిన్నప్పటి నుంచీ ఇంతే. చర్చిలో పాటకు దేవకుమారినే నిలబెట్టేవాళ్ళు. క్రిస్మస్‌కు కొత్త పరికిణీ దానికే. "నువ్వెక్కడికి పోతావే, ఇంట్లో కూర్చునేదానివి," అనేది తల్లి. చివరికి ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇద్దర్నీ ఇచ్చినా, అక్కడా అదే వరస. చెల్లెలి మొగుడు జక్రయ్య పది రోజులుగా వార్డు వరండాలోనే పడుకుంటున్నాడు. ఆదెమ్మ మొగుడు ఇంతవరకూ ఆస్పత్రి మెట్టెక్కలేదు.

ఎనభై ఎనిమిదిలో ఆ వైద్యం మనవైపు కొత్త. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపుతారు. పై గదులు రెంటికీ మధ్యనున్న గోడకు చిన్న కన్నం పెడతారు. కుడిపక్క ఇరుక్కున్న రక్తం కొంత ఆ దారిన అవతలికి పోతుంది. జబ్బు పోదు. కానీ గుండెకు బరువు తగ్గి, ప్రాణం ఇంకొన్నేళ్ళు నిలుస్తుంది.

"మరి నా సంగతేంటండీ?" అని ఆదెమ్మ బుధవారమే వార్డు డాక్టర్ని అడిగింది.

ఆయన కాగితాలు తిరగేసి, "నీకక్కర్లేదమ్మా," అని పక్క మంచానికి జరిగాడు. జక్రయ్యను మాత్రం బయటికి పిలిచి, "మీ ఆవిడకు ఇది చెయ్యకపోతే మూడు నెలలు కూడా కష్టం," అన్నాడు.

ఆదెమ్మ కిటికీలోంచి వింది. అబ్బో, దాని ప్రాణం ప్రాణమూ, నాది కాదూ అనుకుంది. ఆ మధ్యాహ్నం అన్నం కూడా సహించలేదు.

గురువారం సాయంత్రం దేవకుమారి నిద్రలో ఉండగా సిస్టరు వచ్చింది. "పొద్దున మీ చెల్లెల్ని ఏమీ తిననివ్వకు. కడుపులో ఏమన్నా ఉంటే మత్తివ్వరు. లేవగానే చెప్పు."

"శుక్రవారం కదండీ, మాకు ఉపవాస ప్రార్థన. ఎట్టాగూ తినం," అంది ఆదెమ్మ.

సిస్టరు నిశ్చింతగా వెళ్ళిపోయింది. ఆదెమ్మ ఆ మాట చెల్లెలికి చెప్పలేదు.

తెల్లారింది. ఆదెమ్మ క్యాంటీన్ నుంచి పొట్లం తెప్పించి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. నాలుగు ఇడ్లీలు, సాంబారు.

"ఇదేందక్కా, శుక్రవారమైతేనూ!"

"ఆపరేషనుకు పోయేదానివి, ఒంట్లో సత్తువ ఉండొద్దటే? తినవే. నీ ఉపవాసం కూడా నేనుంటాలే. దేవుడికి నేను చెప్పుకుంటా."

దేవకుమారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అక్క ఇంత ప్రేమగా పిలిచి పెట్టడం ఆమె ఎరగదు. నాలుగూ తినేసింది.

తొమ్మిదింటికి ట్రాలీ వచ్చింది. సంగతి తెలిసి సిస్టరు నెత్తి కొట్టుకుంది. జక్రయ్య మద్రాసు డాక్టరు కాళ్ళ మీద పడ్డాడు. కడుపు ఖాళీ కావాలంటే సాయంత్రం దాకా ఆగాలి. మధ్యాహ్నం రైలు తప్పితే మద్రాసులో మరో ప్రాణం ఆగదు. మళ్ళీ ఆయన వచ్చేది నాలుగు నెలలకు.

"ఏం తిన్నానని ఇంత గొడవ?" అంటోంది దేవకుమారి, ఏమీ అర్థంకాక.

ఆదెమ్మ మంచం దిగింది. రొప్పుతూ వెళ్ళి డాక్టరు ఎదురుగా నిలబడింది. ఇన్నేళ్ళకు తన వంతు వచ్చింది.

"నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు బాబుగారూ. దానికి పెట్టాల్సిన కన్నమేదో నాకు పెట్టండి. నేనూ బతుకుతా."

ఆయన ఆమె కాగితాలు చూశాడు.

"నీ గుండెకు ఆ కన్నం పుట్టుకతోనే ఉందమ్మా, అది ఉండబట్టే నువ్వు ఇన్నేళ్ళూ బతికావు."